ఛార్జ్ ఎక్కట్లేదండీ!

"ఏమండీ, ఛార్జ్ ఎక్కట్లేదండి. వైరు ఇలా పైకెత్తి పట్టుకుంటే ఎక్కుతుంది. వదిలేస్తే ఆగిపోతుంది."

కిందటి శ్రావణ మాసంలో ఒక వాన సాయంత్రం, బీఈడీ చదువుతున్న అమ్మాయి మా కొట్టులోకొచ్చి చెప్పిన మాట ఇది. కాకినాడ భానుగుడి దగ్గర చిన్న కొట్టు మాది. 1998లో టీవీలు బాగుచేయడంతో మొదలుపెట్టాను. పదిహేనేళ్లుగా లాప్‌టాప్‌లే పని. ఈ మాట వారానికి నాలుగైదుసార్లు వింటాను. కానీ ఆ అమ్మాయి ఆ తర్వాత చెప్పింది విన్నాక చేతిలో పని పక్కన పెట్టేశాను.

మా దగ్గరికి రాకముందే ఇంకోచోట చూపించుకుందట. మొదట బ్యాటరీ పోయిందన్నారు. 3,200 రూపాయలు పెట్టి కొత్తది వేయించింది. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. ఈసారి ఛార్జర్ అన్నారు. 1,500. అయినా ఎక్కలేదు. చివరికి మదర్‌బోర్డు పోయింది, 9,000 అవుతుందన్నారు. "నాన్నగారిని ఇంకోసారి అడగలేనండి" అంది. వాళ్ల నాన్న సామర్లకోటలో రైస్‌మిల్లులో గుమస్తా.

"అమ్మా, వైరు వదిలేసినప్పుడు లాప్‌టాప్ ఆగిపోతుందా, ఛార్జింగు ఒక్కటే ఆగుతుందా?" అని అడిగాను.

"లాప్‌టాప్ ఆగదండి. నడుస్తూనే ఉంటుంది. కాకపోతే బాగా నెమ్మదైపోతుంది."

సగం జబ్బు ఆ జవాబులోనే దొరికింది. ఎలాగో చెప్పాలంటే, గోడకున్న ప్లగ్గు నుంచి బ్యాటరీ దాకా కరెంటు నడిచే దారి ఒకసారి చూడాలి.

స్విచ్‌బోర్డులోంచి వచ్చే 230 వోల్టులను ఛార్జర్ డబ్బా 19 లేదా 20 వోల్టులకు దించుతుంది. అది వైరు గుండా పిన్నుకు, పిన్ను నుంచి లాప్‌టాప్ జాక్‌కు వస్తుంది. జాక్ నుంచి మదర్‌బోర్డు మీదున్న ఛార్జింగ్ ఐసీకి చేరుతుంది. ఎంత వోల్టేజీ, ఎంత కరెంటు బ్యాటరీలోకి పంపాలో నిర్ణయించేది ఆ ఐసీయే. చివర్లో బ్యాటరీ. దాని లోపల సెల్లులతో పాటు ఒక చిన్న కాపలా బోర్డు కూడా ఉంటుంది. ఇన్ని మజిలీల్లో ఎక్కడ తెగినా మనకు పైకి కనిపించేది ఒక్కటే, ఛార్జ్ ఎక్కకపోవడం. అందుకే పేరు వినగానే బ్యాటరీ మార్చేయడం వైద్యం కాదు. జ్వరం అనగానే అందరికీ ఒకే ఇంజెక్షను పొడిచేసినట్టు.

ఇప్పుడు ఆ అమ్మాయి లాప్‌టాప్ సంగతి. దాని ఛార్జర్ పిన్ను గుండ్రంగా ఉంటుంది, నడుమ సూదిలాంటిది ఒకటి ఉంటుంది. బయటి గొట్టం నెగెటివ్, లోపలి గోడ పాజిటివ్. మరి నడుమ సూది దేనికి? అది కరెంటు కోసం కాదు, కబురు కోసం. "నేను ఫలానా ఛార్జర్‌ని, ఇన్ని వాట్లు ఇవ్వగలను" అని లాప్‌టాప్‌కు చెప్పే తీగ అది. కొన్ని కంపెనీల లాప్‌టాప్‌లు ఆ కబురు అందకపోతే ఛార్జర్‌ను నమ్మవు. యంత్రం నడవడానికి కరెంటు తీసుకుంటాయి, బ్యాటరీకి మాత్రం ఎక్కించవు. ఎందుకైనా మంచిదని వేగం కూడా తగ్గించుకుంటాయి. ఆ అమ్మాయి చెప్పిన "నడుస్తుంది, నెమ్మదైపోతుంది" అచ్చంగా ఇదే.

అనుమానం వచ్చినంత మాత్రాన చాలదు, కొలవాలి. ముందు ఛార్జర్. మీటరు పెడితే 19.5 వోల్టులు చూపించింది. ఊరికే ఉన్నప్పుడు పాడైన ఛార్జర్ కూడా అంతే చూపిస్తుంది కాబట్టి దాని మీద బరువు పెట్టాలి. నా దగ్గర 24 వోల్టుల లారీ హెడ్‌లైట్ బల్బు ఒకటుంది. దాన్ని తగిలిస్తే ఛార్జర్ నుంచి దాదాపు రెండున్నర ఆంపియర్లు లాగుతుంది. ముసలి ఛార్జర్ అయితే అక్కడే వోల్టేజీ జారిపోతుంది, లేదంటే బల్బు టక్కు టక్కుమని ఆగి ఆగి వెలుగుతుంది. ఇది నిలబడింది. 19.3. అంటే ఛార్జర్ బంగారం.

తర్వాత బ్యాటరీ. దీనికి పైసా ఖర్చు లేదు, ఇంట్లో మీరూ చూసుకోవచ్చు. విండోస్ లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. ఒక నివేదిక తయారవుతుంది. అందులో రెండు అంకెలు చూడాలి. ఒకటి డిజైన్ కెపాసిటీ, అంటే కొత్తలో ఉన్న సత్తువ. రెండోది ఫుల్ ఛార్జ్ కెపాసిటీ, అంటే ఇప్పుడు పట్టే సత్తువ. 41,000 ఉండాల్సిన చోట 17,000 కనిపిస్తే బ్యాటరీ ముసలిదైపోయినట్టే. ఆ అమ్మాయి బ్యాటరీలో రెండు అంకెలూ దాదాపు ఒకటే. ఎందుకుండవు, వేయించి నెలే కదా! పాత బ్యాటరీని ఆ కొట్టువాళ్లే ఉంచేసుకున్నారట. దాన్ని కూడా కొలిచి ఉంటే బావుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక విప్పడమే. వెనక ఎనిమిది స్క్రూలు. అంచుల్లో పలచటి ప్లాస్టిక్ కార్డు దూర్చి తిప్పుకుంటూ పోతే అడుగు రేకు లేచింది. లోపల చెయ్యి పెట్టేముందు చేయాల్సిన పని బ్యాటరీ కనెక్టరు ఊడదీయడం. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా ఇది మానకూడదు. స్విచ్ ఆపినా బ్యాటరీ బోర్డు మీద బతికే ఉంటుంది. స్క్రూడ్రైవరు జారి ఏదో ఐసీ రెండు కాళ్లకు తగిలిందంటే 650 రూపాయల పని తొమ్మిది వేలది అయిపోతుంది.

జాక్ మూలన ఉంది. దాన్నుంచి నాలుగు లావు తీగలు, ఒక సన్న తీగ బయల్దేరి బోర్డు కనెక్టరులోకి పోతున్నాయి. సన్నది కబురు తీగ. పాత ఛార్జర్ పిన్ను ఒకటి కోసి పెట్టుకున్నాను ఇలాంటి పనులకే. దాన్ని జాక్‌లోకి దూర్చి, మీటరు ఒక ముల్లు పిన్ను నడిమి సూదికి, ఇంకో ముల్లు సన్న తీగ చివరకు పెట్టాను. దారి కలిసి ఉంటే బీప్ అనాల్సిన మీటరు పలకలేదు. పిన్నును వేలితో కొంచెం పైకెత్తాను. బీప్! వదిలాను. నిశ్శబ్దం. మళ్లీ ఎత్తాను. బీప్! బల్ల అవతల నుంచి ఆ అమ్మాయి "అదేనండి, అదేనండి! నేను అలాగే పట్టుకుంటా" అని అరిచినంత పని చేసింది.

జాక్‌ను భూతద్దం కింద పెట్టాను. లోపల సూదిని పట్టుకునే చిన్న స్ప్రింగు రెక్కలు ఒక పక్కకి సాగిపోయి ఉన్నాయి. వాటి మొదట్లో ఆకుపచ్చ చిలుము. వైరు గుంజుతూ మంచం మీద పెట్టుకుని చదవడం వల్ల రెక్కలు సాగాయి. సముద్రపు గాలికి చిలుము పట్టింది. కొత్త జాక్, తీగలతో సహా 350. నా కూలి 300. ఇరవై నిమిషాల్లో బిగించి, బ్యాటరీ కనెక్టరు పెట్టి, స్విచ్ వేస్తే మొదటి నిమిషంలోనే ఛార్జింగ్ గుర్తు వచ్చింది. మొత్తం 650 రూపాయల జబ్బు అది. అంతకుముందు పోసిన 4,700 ఎవరిస్తారు?

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

వదులు జాక్ సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. పై కేసులో వదులైంది కబురు తీగ కాబట్టి సరిపోయింది. కరెంటు మోసే కాళ్లే వదులైతే వేడి పుడుతుంది. 65 వాట్ల ఛార్జర్ నిండుగా పనిచేసేటప్పుడు 19.5 వోల్టుల దగ్గర 3.34 ఆంపియర్లు పారుతుంది. వదులు కాంటాక్టు దగ్గర అర ఓము అడ్డు ఉందనుకోండి. అక్కడ ఒకటిన్నర వోల్టుకు పైగా పడిపోతుంది, దాదాపు ఐదున్నర వాట్లు వేడిగా మారుతుంది. దోమల మందు సీసా పెట్టే ప్లగ్గు ఇంచుమించు అంతే వేడి పుట్టిస్తుంది. అంత వేడి శనగగింజంత చోట గంటల తరబడి పుడుతుంటే ప్లాస్టిక్ మెత్తబడుతుంది, గోధుమరంగుకు తిరుగుతుంది, మాడు వాసన వస్తుంది. ఆ దశలో కూడా వైరు కింద అగ్గిపెట్టె ఎత్తుపెట్టి, రబ్బరు బ్యాండు చుట్టి వాడుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పిన్ను పట్టుకుంటే చెయ్యి కాలుతుందంటే ఆ రోజే ఆపేయండి.

టైప్-సి లాప్‌టాప్‌లు వచ్చాక కొత్త రకం ఫిర్యాదులు మొదలయ్యాయి. "ఎక్కుతోంది గానీ నాలుగు గంటలైనా నిండదు" అంటారు. ఫోను ఛార్జర్ పెడుతుంటారు. దూరుతుంది కదా అని. దూరడం వేరు, సరిపోవడం వేరు. టైప్-సిలో ముందు 5 వోల్టులే వస్తాయి. తర్వాత ఛార్జర్, లాప్‌టాప్ మాట్లాడుకుని 9, 15, 20 వోల్టులకు ఎక్కుతాయి. ఆ మాట్లాడుకునే పద్ధతిని పవర్ డెలివరీ అంటారు. ఫోను ఛార్జర్ మీద 67 వాట్లు, 80 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉన్నా, చాలాసార్లు ఆ వాట్లన్నీ ఆ కంపెనీ ఫోనుకే. లాప్‌టాప్‌కు చిన్న ముక్కే అందుతుంది. ఛార్జర్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు లేదా అంతకంటే ఎక్కువ అని ఉందా లేదా చూడండి. ఉంటే అది 65 వాట్ల లాప్‌టాప్‌కు సరిపోతుంది. లేకపోతే లేదు. కేబుళ్లలో కూడా తేడాలున్నాయి. మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్ల వరకే, అంటే 60 వాట్ల వరకే. 5 ఆంపియర్లు మోయాలంటే కేబుల్ తలలో ఒక చిన్న చిప్పు ఉండాలి. అది లేకపోతే వంద వాట్ల ఛార్జర్ పెట్టినా అరవైతోనే సరి. ఐదారు వందలకు దొరికే చిన్న యూఎస్‌బీ మీటరు మధ్యలో పెడితే ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో తెర మీద కనిపిస్తుంది. హాస్టల్ పిల్లలు నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు.

కొత్త ఛార్జర్ కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసి కొనండి. వోల్టులు పాతదానితో సమానంగా ఉండాలి. ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ఆంపియర్లు ఎక్కువైతే లాప్‌టాప్ మాడిపోతుందని భయపడతారు చాలామంది. మాడదు. తనకు కావలసినంతే లాక్కుంటుంది. తక్కువైతేనే కష్టం.

అసలు జబ్బే కాని జబ్బులు కూడా మా దగ్గరికి వస్తుంటాయి. గాంధీనగర్ నుంచి రిటైర్డ్ హెడ్మాస్టరు గారొకరు వచ్చారు. "బాబూ, ఎనభై దగ్గర ఆగిపోతుంది. ఎంతసేపు పెట్టినా ఎనభై ఒకటి కాదు" అన్నారు. కొత్త బ్యాటరీకి డబ్బులు కూడా కవరులో పెట్టుకొచ్చారు. చూస్తే బ్యాటరీ ఎక్కువకాలం మన్నడానికి కంపెనీవాళ్లు ఇచ్చే పరిమితి అది. కొన్నింట్లో 80 శాతం, కొన్నింట్లో 60 శాతం. ఎవరో మనవడు ఆన్ చేసి ఉంటాడు. "మాస్టారూ, ఇది మంచిదేనండి, ఇలాగే ఉంచండి. ప్రయాణం ఉన్న రోజు మాత్రం తీసేసుకోండి" అని చెప్పి పంపాను. లిథియం సెల్లు ఎప్పుడూ నిండు కడుపుతో, పైగా వేడిలో ఉంటే త్వరగా ముసలిదవుతుంది. రోజంతా ప్లగ్గులోనే ఉంచి పనిచేసుకునేవాళ్లకు ఆ పరిమితి ఎంతో మేలు.

ఎండాకాలం సంగతి ఇంకోటి. చాలా లాప్‌టాప్‌లు బ్యాటరీ 45 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఛార్జింగ్ తగ్గించడమో ఆపడమో చేస్తాయి. మే నెలలో మన గదే నలభైకి దగ్గరగా ఉంటుంది. దిండు మీద పెట్టి గాలిరంధ్రాలు మూసేస్తే ఇక చెప్పేదేముంది. మధ్యాహ్నం ఎక్కదు, రాత్రి ఎక్కుతుంది అని ఎవరైనా చెబితే నేను విప్పను. బల్ల మీద పెట్టి వాడమని, ఫ్యాను దుమ్ము దులిపించుకోమని చెబుతాను.

ఒక్కోసారి ఏమీ పాడవకుండానే బోర్డు మొండికేస్తుంది. ఛార్జర్ తీసేసి, ఊడదీయగలిగే బ్యాటరీ అయితే అదీ తీసేసి, పవర్ బటన్ అర నిమిషం గట్టిగా నొక్కి పట్టుకుంటే బోర్డులో మిగిలిన కరెంటు దిగిపోతుంది. మళ్లీ పెడితే మామూలుగా ఎక్కేస్తుంది. కొట్టుకు వచ్చేముందు ఇంట్లో ఒకసారి చేసి చూడండి. వేరే గదిలో వేరే ప్లగ్గులో పెట్టి చూడటం కూడా. వదులైన ఎక్స్‌టెన్షన్ బోర్డు వల్ల ఛార్జ్ ఎక్కని లాప్‌టాప్‌ను పిఠాపురం నుంచి బస్సెక్కించి తెచ్చినవాళ్లను చూశాను.

బోర్డు పనికి ఓపిక కావాలి. ఉప్పాడ వైపు రొయ్యల మేత దుకాణం నుంచి వచ్చిన లాప్‌టాప్‌లో జాక్ బాగుంది, బ్యాటరీ బాగుంది, ఛార్జర్ పెడితే మాత్రం ఛార్జర్ దీపమే ఆరిపోయేది. అంటే లోపల ఎక్కడో షార్ట్. ఉప్పుగాలి తగిలి ఛార్జింగ్ ఐసీ చుట్టుపక్కలంతా తెల్లటి, ఆకుపచ్చటి బూజులా పట్టింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పళ్ల బ్రష్షు పెట్టి కడిగాను. వోల్టేజీ బాగా తగ్గించి, ఒక్క వోల్టు మాత్రమే లైను మీదకి ఇచ్చి, బోర్డు మీద ఆల్కహాల్ పూశాను. ఎక్కడ వేడెక్కుతుందో అక్కడ ముందు ఆరిపోతుంది. నువ్వుగింజంత కెపాసిటరు ఒకటి మిగతావాటికంటే ముందు ఆరింది. దాన్ని తీసేసి వేరేది టంకం వేస్తే బోర్డు బతికింది. ఆ ముక్క ఖరీదు ఐదు రూపాయలు కూడా ఉండదు, దాన్ని పట్టుకోవడానికి ఒక పూట పట్టింది. కూలి 1,500 తీసుకున్నాను. అన్ని బోర్డులూ ఇలా బతకవు. చిలుము లోపలి పొరల్లోకి దిగిపోతే ఖర్చు దండగ అని మొహం మీదే చెప్పేస్తాను.

ఇలాంటి పనికి బోర్డు నక్షా ఉంటే గంటలో అయ్యేది. ఏ ముక్క ఎక్కడికి కలుస్తుందో చూపే ఆ నక్షాలను చాలా కంపెనీలు బయటివాళ్లకు ఇవ్వవు. మా లాంటివాళ్లం తడుముకుంటూ, ఒకరినొకరం అడుగుతూ నేర్చుకోవాల్సిందే. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. అలాంటి చోట నక్షాలు, విడిభాగాలు వీధి చివరి మెకానిక్కుకూ అందే రోజు రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. అలా వస్తే బోర్డు మార్చాల్సిందే అన్న మాట సగానికి సగం తగ్గుతుంది.

బ్యాటరీ ఉబ్బు గురించి చెప్పకుండా ముగించలేను. టచ్‌ప్యాడ్ నొక్కుడు పడకపోయినా, లాప్‌టాప్ బల్ల మీద ఊగినా, అడుగు రేకు అంచులు విచ్చుకున్నా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. సెల్లు లోపల రసాయనం చెడిపోయి వాయువు పుడుతుంది. దాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు. గాలి తీస్తే సరిపోతుందని సూది పట్టుకొచ్చిన కుర్రాణ్ని చెయ్యి పట్టుకు ఆపాను ఒకసారి. గుచ్చితే లోపలి పొరలు రెండూ కలిసి మంటే వస్తుంది. దాన్ని చెత్తబండిలో కూడా వేయకండి, బండిలో నలిగితే అక్కడా మంటే, అక్కడ పనిచేసేవాళ్లూ మనుషులే. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపించే బాధ్యత వాటిని తయారుచేసే, దిగుమతి చేసే కంపెనీలది. మా కొట్టులో వాటిని ఇసుక పోసిన రేకు డబ్బాలో ఉంచి, డబ్బా నిండాక రీసైక్లింగ్‌కు అప్పగిస్తాం.

బీఈడీ అమ్మాయి మొన్న వచ్చింది. లాప్‌టాప్ బాగానే ఉందట, స్నేహితురాలి లాప్‌టాప్ తీసుకొచ్చింది. ఈసారి అది నిజంగానే బ్యాటరీ. నివేదికలో 50,000కు 14,000 మిగిలింది. అంకెలు ఇద్దరికీ చూపించి, ఆ తర్వాతే కొత్తది వేశాను.

మీ లాప్‌టాప్ ఏ ఊళ్లో ఏ కొట్టులో ఇచ్చినా ఒక్క మాట అడగండి: "మార్చేముందు మీటరు పెట్టి మాకు చూపించండి." ఛార్జర్ వోల్టులు, బ్యాటరీ నివేదిక, జాక్ బీప్, ఈ మూడూ చూడటానికి పావుగంట చాలు. మార్చిన పాత ముక్కను అడిగి తీసుకోండి. బిల్లు కూడా తీసుకోండి. మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.